పండగ బిళ్ళలు, నెలల తరబడి వేసే బిళ్ళలు: డాక్టరమ్మ జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది చీపురుపల్లి దగ్గర పల్లె. నాకు 31 ఏళ్ళు, ఇద్దరు పిల్లలు. ఏటా సిరిమాను పండక్కి విజయనగరంలో అత్తవారింట్లో అందరం కలుస్తాం. పండగ ముందు రోజు, తొలేళ్ళ నాటికి డేట్ వచ్చేలా ఉంటే మందుల షాపులో అడిగి నెలసరిని వాయిదా వేసే బిళ్ళలు తెచ్చుకుంటాను. ఈ ఏడాది ఆడపడుచు పెళ్ళికీ, రథసప్తమికి అరసవల్లి వెళ్ళినప్పుడూ కూడా వేసుకున్నాను. ఇప్పుడు నెల మధ్యలో మరకలు కనబడుతున్నాయి, కాళ్ళు బరువుగా ఉంటున్నాయి. పండగ అయ్యాక కాశీ ప్రయాణం ఉంది. అప్పుడు కూడా వేసుకోవచ్చా?

జవాబు: అమ్మా, ముందు కాళ్ళ సంగతి చూద్దాం. సాయంత్రానికి రెండు కాళ్ళూ ఒకేలా బరువెక్కుతుంటే నీరు చేరుతున్నట్టు. ఈ బిళ్ళలతో కొందరికి అలా అవుతుంది. కానీ ఒక్క కాలి పిక్కే వాచినా, అక్కడ వేడిగా ఉండి నొక్కితే నొప్పి పుట్టినా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళండి. అది నరంలో రక్తం గడ్డకట్టడం కావచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చేరితే ప్రాణం మీదికి వస్తుంది. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో నొప్పి, ఎప్పుడూ లేనంత తలనొప్పి, చూపు మసకబారడం, ఒళ్ళు పచ్చబడటం, వీటిలో ఏది కనిపించినా బిళ్ళ ఆపేసి 108కి ఫోన్ చేయండి.

బిళ్ళ పేరు మీరు రాయలేదు. ఈ పనికి షాపుల్లో మామూలుగా ఇచ్చేది నోరెథిస్టిరోన్ 5 మిల్లీగ్రాములు. డేట్‌కి మూడు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకు మూడు పూటలు వేసుకుంటారు. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఒక పూట మరిచినా మరకలు కనబడొచ్చు. డేట్ వచ్చేశాక వేసుకుంటే ఉపయోగం లేదు. ఇంకో మాట, ఇలా వేసుకున్నంత మాత్రాన గర్భం రాకుండా ఆగదు. అనుమానముంటే బిళ్ళ ముట్టకముందే ప్రెగ్నెన్సీ టెస్ట్ చేసుకోవాలి.

షాపులో మీకు చెప్పని విషయం ఒకటుంది. ఇది ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్ రకం మందే అయినా ఒంట్లోకి వెళ్ళాక కొంత భాగం ఈస్ట్రోజన్ అనే మరో ఆడ హార్మోన్‌గా మారుతుంది. రోజుకు 10 నుంచి 20 మిల్లీగ్రాములు వేసుకుంటే, ఈస్ట్రోజన్ కలిసిన గర్భనిరోధక మాత్ర వేసుకున్నంత ప్రభావం ఉంటుంది. రోజుకు మూడు బిళ్ళలంటే 15. ఈస్ట్రోజన్ రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచుతుంది, అందుకే గడ్డకట్టే భయం ఉన్నవాళ్ళకు నేను ఈ మందు రాయను. గతంలో కాలి నరాల్లో గడ్డ వచ్చినవాళ్ళు, ఇంట్లో అమ్మకో అక్కకో వచ్చినవాళ్ళు, పక్షవాతం, గుండె జబ్బు, రొమ్ము క్యాన్సర్, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులు కనిపించి మైగ్రేన్ వచ్చేవాళ్ళు, బాగా లావుగా ఉన్నవాళ్ళు, పొగ తాగేవాళ్ళు షాపుకి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మన ఏజెన్సీ గ్రామాల్లో సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉన్న ఆడపిల్లలు తప్పకుండా ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి. వాయిదా తప్పదనుకుంటే కొందరికి మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ 10 మిల్లీగ్రాముల బిళ్ళ ఇస్తాం. అది అలా ఈస్ట్రోజన్‌గా మారదు.

కాశీ అంటే గంటల తరబడి రైల్లో కూర్చోవాలి. కదలకుండా కూర్చోవడం, పైగా ఈ బిళ్ళ, రెండూ కలిస్తే గడ్డకట్టే అవకాశం పెరుగుతుంది. పైన చెప్పిన జబ్బులు లేనివాళ్ళకు ఏడాదిలో ఎప్పుడో ఒకసారి, కొద్ది రోజులు వేసుకుంటే పెద్దగా ప్రమాదం ఉండదు. కానీ మీకు ఇప్పటికే మధ్యలో మరకలు ఉన్నాయి. అవి ఎందుకో తేలేదాకా మళ్ళీ ఈ బిళ్ళ జోలికి వెళ్ళకండి. స్కానింగ్ చేయించుకోండి, గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేయించుకోండి, బీపీ చూపించుకోండి.

దసరా ముందు వారం మా ఓపీలో సగం మంది ఇదే అడుగుతారు. గుడికి వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇంటి ఆచారం, దాని మీద నేను తీర్పు చెప్పను. కానీ ఒంటికి పడని మందు మింగి అయినా పండగలో ఉండాల్సిందే అని కోడలిని ఒత్తిడి పెట్టే ఇంటివాళ్ళను చూస్తే నాకు బాధేస్తుంది. అత్తగార్లు కూడా ఈ పేజీ చదువుతారు కాబట్టి వాళ్ళకీ చెబుతున్నాను.

ప్రశ్న: మేడమ్, మా ఊరు కళింగపట్నం వైపు. అమ్మకు 47 ఏళ్ళు. ఏడాదిగా నెలకి పదిహేను రోజులు బ్లీడింగ్, గడ్డలు గడ్డలుగా పడుతుంది. ఊళ్ళో ఆర్ఎంపీ గారు హార్మోన్ బిళ్ళలు ఇస్తున్నారు. వేసుకుంటే ఆగుతుంది, ఆపితే మళ్ళీ మొదలు. ఇంకొకరు గర్భసంచి తీయించేయమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: బాబూ, అమ్మ గురించి నువ్వు రాశావు, సంతోషం. చాలా ఇళ్ళల్లో ఈ విషయం కొడుకులకు చెప్పరు.

బిళ్ళ ఆపిన రెండు మూడు రోజులకు బ్లీడింగ్ రావడం జబ్బు తిరగబెట్టడం కాదు, ఆ మందు పనిచేసే తీరే అది. గర్భసంచి లోపలి పొరను నిలబెట్టేది ప్రొజెస్టిరాన్. అది తగ్గగానే పొర ఊడి బయటికి వస్తుంది. మామూలుగా అండం విడుదలయ్యాక అండాశయమే ఈ ప్రొజెస్టిరాన్‌ను రెండు వారాల పాటు తయారుచేస్తుంది. నలభై అయిదు దాటాక కొన్ని నెలల్లో అండం విడుదల కాదు. అప్పుడు ఈస్ట్రోజన్ ఒక్కటే పనిచేసి పొర మందంగా పెరిగి, అడ్డూ అదుపూ లేకుండా ఊడుతుంది. అలాంటి నెలల్లో ప్రొజెస్టిరాన్ బిళ్ళలు నిజంగా మేలు చేస్తాయి. నేనూ రాస్తాను.

అయితే అదే వయసులో అదే బ్లీడింగ్‌కి ఇతర కారణాలూ ఉంటాయి. ఫైబ్రాయిడ్ గడ్డలు, పాలిప్ (గర్భసంచి లోపల పెరిగే చిన్న కండ), థైరాయిడ్, లోపలి పొర క్యాన్సర్ వైపు మారడం, గర్భసంచి ముఖద్వార క్యాన్సర్. బిళ్ళ వీటిలో కొన్నింటికి కూడా రక్తాన్ని కొన్నాళ్ళు ఆపుతుంది. రక్తం ఆగింది కాబట్టి జబ్బు పోయిందని ఇంట్లో అందరూ నిశ్చింతగా ఉంటారు, లోపల జబ్బు ముదురుతుంది. నా భయమంతా ఇదే. ఆర్ఎంపీ గారిని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అర్ధరాత్రి తలుపు తడితే వచ్చేది ఆయనే. కానీ అమ్మకు కావలసిన పరీక్ష ఆయన దగ్గర లేదు.

ఆ పరీక్ష లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి ల్యాబ్‌కి పంపడం. సన్నని గొట్టంతో కొద్ది నిమిషాల్లో చేస్తారు. నెలసరి నొప్పిలాంటి నొప్పి కాసేపు ఉంటుంది. చాలామందికి అడ్మిట్ అవ్వక్కర్లేదు. దాంతోపాటు స్కానింగ్, ముఖద్వారం పరీక్ష, హిమోగ్లోబిన్, థైరాయిడ్, 47 ఏళ్ళైనా సరే ఒక ప్రెగ్నెన్సీ టెస్ట్. శ్రీకాకుళం సర్వజన ఆస్పత్రిలో గైనిక్ ఓపీకి తీసుకెళ్ళి, ఏడాదిగా వేసుకున్న బిళ్ళల అట్టలన్నీ చూపించు. గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్ళు తిరిగి పడిపోతున్నా ఓపీ రోజు కోసం ఆగకు, వెంటనే తీసుకెళ్ళు. మీ తీరప్రాంతంలో అమ్మలు చుట్ట అడ్డపొగ తాగడం ఉంది కదా. అమ్మకు ఆ అలవాటుంటే మొహమాటపడకుండా డాక్టరుకి చెప్పండి. మందు ఎంచుకోవడంలో అది లెక్కలోకి వస్తుంది.

గర్భసంచి తీయించడం గురించి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగిన రాష్ట్రాల్లో మనది ముందు వరుసలో ఉంది. అది నాకు మింగుడుపడని విషయం. ముక్క పరీక్షలో చెడు కణాలు లేవని తేలితే దారులు చాలా ఉన్నాయి. నెలలో ఇన్ని రోజులని లెక్క ప్రకారం బిళ్ళలు, రక్తం పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్, లేదంటే గర్భసంచి లోపల అమర్చే లెవోనార్‌జెస్ట్రెల్ లూప్. ఆ లూప్ కూడా ప్రొజెస్టిరాన్ రకమే. మందు ఎక్కువగా గర్భసంచిలోనే పనిచేస్తుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది, రోజూ మింగే పని లేదు. ఆపరేషన్ అవసరమైన వాళ్ళకు నేను చేయిస్తాను. పరీక్ష లేకుండా మాత్రం ఎవరు చెప్పినా ఒప్పుకోకండి.

ప్రశ్న: నేను ఎచ్చెర్లలో చదువుతున్నాను, 20 ఏళ్ళు. పీసీఓడీ (హార్మోన్లు గతితప్పే అండాశయ సమస్య) అని చెప్పి, మూడు నెలలుగా పీరియడ్స్ రాలేదని పది రోజులకు మెడ్రాక్సీ ప్రొజెస్టిరాన్ రాశారు. ఇది స్టెరాయిడ్ అని, వేసుకుంటే పిల్లలు పుట్టరని అమ్మ టెన్షన్ పడుతోంది.

జవాబు: తల్లీ, రసాయనం లెక్కన అది స్టెరాయిడ్ కుటుంబమే. మన ఒంట్లో సహజంగా తయారయ్యే ప్రొజెస్టిరాన్ కూడా ఆ కుటుంబమే. ఉబ్బసానికి ఇచ్చే స్టెరాయిడ్ వేరు, ఇది వేరు. సహజ ప్రొజెస్టిరాన్‌ను నోటితో మింగితే కాలేయం చాలావరకు విరిచేస్తుంది, అందుకే శాస్త్రవేత్తలు దాన్ని కొద్దిగా మార్చి బిళ్ళలు చేశారు. నోరెథిస్టిరోన్‌ను 1951లో మెక్సికోలో, అక్కడి అడవి దుంప నుంచి తీసిన ముడి సరుకుతో తయారుచేశారు. దశాబ్దాలుగా ఈ కుటుంబం మందుల్ని ప్రపంచమంతా వాడుతోంది. వీటివల్ల గొడ్రాలు అవ్వడం జరగదు.

నీకు ఈ బిళ్ళ ఇచ్చింది పేరుకుపోయిన పొరను బయటికి పంపడానికి. నెలల తరబడి పొర ఊడకపోతే, ఏళ్ళ మీద అది హాని చేస్తుంది. కనీసం మూడు నెలలకొకసారి బ్లీడింగ్ రావాలి. పది రోజులూ పూర్తిగా వేసుకో. ఆపాక వారంలోపు వస్తుంది. రెండు వారాలైనా రాకపోతే చూపించుకో. రొమ్ములు బరువెక్కడం, చిరాకు, దిగులు కొందరిలో ఉంటాయి, ఆపాక పోతాయి. దిగులు ఎక్కువైతే అమ్మతో చెప్పు, డాక్టరుకీ చెప్పు. ఇక పీసీఓడీని ఈ బిళ్ళ నయం చేయదు. బరువు ఎక్కువుంటే అందులో నూటికి అయిదు వంతులు తగ్గినా చాలామందికి నెలసరి దారికొస్తుంది.

ప్రశ్న: మా వదినది కవిటి. కిడ్నీ జబ్బు, క్రియాటినిన్ ఎక్కువుంది. పీరియడ్స్‌లో రక్తం బాగా పోతోంది. షాపులో అడిగి బిళ్ళ ఇవ్వొచ్చా?

జవాబు: వద్దమ్మా. మీ కవిటి ఉన్న ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎక్కువ, అందుకే అక్కడి నుంచి ఎవరొచ్చినా నేను ముందు అడిగేది క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చూపే రక్తపరీక్ష) ఎంత అనే. హార్మోన్ బిళ్ళతో ఒంట్లో నీరు చేరి బీపీ పెరగొచ్చు. రక్తం ఆగడానికి ఇచ్చే ట్రానెక్సామిక్ యాసిడ్ కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి కాబట్టి మోతాదు తగ్గించాలి. నెలసరి నొప్పికి ఇచ్చే మెఫెనమిక్ యాసిడ్ ఆమె అసలు వేసుకోకూడదు. కిడ్నీ డాక్టరు చీటీలన్నీ పట్టుకుని గైనిక్ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మూర్ఛకు గానీ టీబీకి గానీ మందులు వాడుతుంటే అవి కూడా చెప్పండి. కార్బమాజెపిన్, ఫెనిటోయిన్, రిఫాంపిసిన్ వాడేవాళ్ళకు హార్మోన్ బిళ్ళ సరిగా పనిచేయదు. రక్తం బాగా పోతోందన్నారు కాబట్టి హిమోగ్లోబిన్ పరీక్ష ఈ వారంలోనే చేయించండి.