తొమ్మిది కోర్సుల్లో చేరింది, ఒక్కటీ పూర్తి చేయలేదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ ఈసీఈ రెండో సంవత్సరం. ఏడాదిలో తొమ్మిది ఉచిత ఆన్‌లైన్ కోర్సుల్లో చేరింది. ఏదీ చివరిదాకా చూడలేదు. తెలిసినవాళ్లు 60 వేలు కట్టి అమీర్‌పేటలో కోచింగ్ పెట్టించారు. మేమూ కట్టాలా? - ఒక తండ్రి, సూర్యాపేట

జవాబు: ఇప్పుడే కట్టకండి. మీ అమ్మాయి మీద కోపం కూడా తెచ్చుకోకండి. నేనూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కోర్సులో చేరి రెండో వారంలోనే ఆగిపోయినవాడినే.

2012లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ ఒక ఆన్‌లైన్ కోర్సును ప్రపంచమంతటికీ ఉచితంగా పెట్టింది. సర్క్యూట్స్ అండ్ ఎలక్ట్రానిక్స్, అంటే మీ అమ్మాయి చదువుతున్న సబ్జెక్టే. సుమారు 1,55,000 మంది చేరారు. సర్టిఫికెట్ దాకా వచ్చింది 7 వేల మంది చిల్లర. నూటికి ఐదుగురు కూడా కాదు. చేరడానికి ఒక్క క్లిక్ చాలు, మానేసినా అడిగేవాళ్లు లేరు. అక్కడే వస్తుంది తంటా.

ఆ కోర్సులోనే మంగోలియాకి చెందిన 15 ఏళ్ల కుర్రాడు నూటికి నూరు మార్కులు తెచ్చుకున్నాడు. తర్వాత అతనికి ఎంఐటీలోనే సీటొచ్చింది. ఈ కథ చెప్పేవాళ్లు ఒక సంగతి వదిలేస్తుంటారు. ఆ కోర్సును బడికి తెచ్చింది వాళ్ల ప్రిన్సిపాలే, ఆయనా ఎంఐటీలో చదివినవాడే. స్టాన్‌ఫర్డ్‌లో పరిశోధన చేస్తున్న ఆయన మిత్రుడొకరు సామాన్లు పట్టుకొచ్చి మరీ పిల్లల చేత ల్యాబ్ చేయించాడు. వీడియోలు ప్రపంచమంతటికీ ఒకటే, పక్కన కూర్చునే మనిషి మాత్రం కొందరికే దొరికాడు.

మీ అమ్మాయికి ఆ మనిషిని వెతకాలి. కాలేజీలో ఆ పేపర్ చెప్పే లెక్చరర్‌ని అడగమనండి, లేదంటే ఇద్దరు క్లాస్‌మేట్లు కలిసి మొదలుపెట్టినా సరే.

కోర్సు విషయానికొస్తే, ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ కోర్సుల వేదిక ఎన్‌పీటెల్‌లో ఒక్కటే తీసుకోమనండి. జనవరిలో, జులైలో కొత్తవి మొదలవుతాయి. పాఠాలు ఉచితం. వారం వారం అసైన్‌మెంట్లకు 25 శాతం, సెంటర్‌కి వెళ్లి రాసే పరీక్షకు 75 శాతం వెయిటేజీ. పరీక్ష ఫీజు వెయ్యి రూపాయల దాకా ఉంటుంది. అది కట్టండి. తేదీ దగ్గరపడుతుంటే పుట్టే టెన్షన్ ఇక్కడ మేలే చేస్తుంది. ఈ కోర్సును డిగ్రీలో లెక్కవేసి క్రెడిట్లు ఇస్తారా అని చేరకముందే డిపార్ట్‌మెంట్‌లో కనుక్కోండి. యూజీసీ ఒప్పుకున్నా కాలేజీ ఒప్పుకోకపోతే లాభం లేదు. ఇంగ్లిష్ పాఠం అందకపోతే, కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి.

విదేశీ వేదికల్లో చాలా కోర్సులకు వీడియోలు చూడనిచ్చినా సర్టిఫికెట్‌కి డబ్బులు అడుగుతారు. వాటి జోలికి ఇప్పుడే వద్దు. ఇంటర్వ్యూలో "ఈ సర్క్యూట్ నువ్వే కట్టావా?" అని అడిగితే కాగితం జవాబు చెప్పదు.

ఈ ఆదివారం తనతో కూర్చుని ఆ తొమ్మిది కోర్సులూ తీసేయించండి. ఎన్‌పీటెల్ కోర్సు పరీక్ష రాశాక, 60 వేల సంగతి మళ్లీ నాకు రాయండి.