సర్టిఫికెట్ ఉన్నా ఇంటర్వ్యూ కాల్ రావట్లేదంటే

డేటా అనలిటిక్స్ (అంకెల సమాచారాన్ని విశ్లేషించే పని) వర్చువల్ ఇంటర్న్‌షిప్ చేసి సర్టిఫికెట్ తెచ్చుకున్నా కాల్స్ రావట్లేదని గుంటూరు నుంచి ఒకరు అడిగారు. రెజ్యూమెలో సర్టిఫికెట్ పేరు తప్ప మీరు చేసిన పని కనిపించకపోవడమే కారణం అయి ఉంటుంది. ఆ సర్టిఫికెట్ గుంటూరులో మీ బ్యాచ్‌లో సగం మంది దగ్గర ఉంటుంది. అందుకే సొంతంగా ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూపించండి.

1. అగ్‌మార్క్‌నెట్‌లో (మార్కెట్ యార్డుల ధరలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైట్) గుంటూరు మిర్చి ధరలు ఏడాదివి డౌన్‌లోడ్ చేసుకోండి.

2. పాండాస్‌తో (డేటా పని కోసం వాడే పైథాన్ లైబ్రరీ) ఆ డేటాను క్లీన్ చేయండి. యార్డు సెలవు రోజుల్లో ధర ఉండదు. అక్కడ సున్నా పెడితే సగటు పడిపోతుంది, ఖాళీగానే వదిలేయండి.

3. అందరూ వదిలేసేది ఇదే: కోడ్ గిట్‌హబ్‌లో (కోడ్ దాచి అందరికీ చూపించే సైట్) పడేసి ఊరుకుంటారు. రీడ్‌మీ (ప్రాజెక్టు గురించి వివరించే ఫైల్) రాయండి. ఏం తెలుసుకోవాలనుకున్నారు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఎలా బయటపడ్డారు, పది లైన్లు చాలు. నేను ఇది రాయక రెండు ఇంటర్వ్యూల్లో నా ప్రాజెక్టు గురించి నేనే చెప్పలేక నీళ్లు నమిలాను.

4. ఆ గిట్‌హబ్ లింకు రెజ్యూమెలో సర్టిఫికెట్ పేరు కిందే పెట్టండి.