మానసిక వైకల్యమా, బుద్ధిమాంద్యమా?

సందేహం: మేం డాలస్‌లో ఉంటాం. ఇంటలెక్చువల్ డిసెబిలిటీ (చదువు, రోజువారీ పనులు ఈడుకు తగ్గట్టు పట్టుబడకపోవడం) ఉన్నవాళ్ల గురించి తన ఈడు పిల్లలు ఇక్కడా, గుంటూరులోనూ ఏమనుకుంటున్నారో కాలేజీలో చదివే మా అమ్మాయి ప్రాజెక్టు చేస్తోంది. తెలుగు ప్రశ్నల్లో నేను 'మానసిక వైకల్యం' అని రాశాను. మా అన్నయ్య పిల్లలు, వాళ్ల స్నేహితులు 'భయమేస్తుంది', 'మందులు వాడితే తగ్గుతుంది కదా' అని జవాబులు పంపారు. లోపం మాటలో ఉందా? వాళ్లు ఒకళ్లనొకళ్లు 'మెంటల్' అనుకుంటుంటే మా అమ్మాయి తెగ ఫీలయింది. అది తప్పు మాటేనా?

సమాధానం: అవునండీ, చిక్కు మాటలోనే వచ్చింది. 'మానసిక' అనగానే మనకు తట్టేది మానసిక రోగం. గుంటూరు పిల్లలు దాని గురించే జవాబిచ్చారు. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా మానసిక రోగాన్నీ, ఇంటలెక్చువల్ డిసెబిలిటీనీ విడివిడిగానే లెక్కించింది. డాలస్ పిల్లలకు ప్రేమ, గుంటూరు పిల్లలకు భయం అని మీ అమ్మాయి తేల్చేస్తే అన్యాయమే. రెండు చోట్లా అడిగింది ఒకే ప్రశ్న కాదు మరి!

'బుద్ధిమాంద్యం' వాడండి. పత్రికల్లో బాగా నలిగిన మాట. మాంద్యమంటే మందగించడం. అగ్నిమాంద్యం, ఆర్థిక మాంద్యం అంటున్నాం కదా. 'మందబుద్ధి' మాత్రం వద్దు, అది మొట్టికాయతో పాటు పడే మాట. ఈమధ్య వినిపిస్తున్న 'మేధో వైకల్యం' చట్టాల అనువాదానికి సరిపోతుందేమో గానీ, ఇంటర్ కుర్రాడికి మేధావులే గుర్తొస్తారు. మనిషిని 'బుద్ధిమాంద్యుడు' అనకుండా 'బుద్ధిమాంద్యం ఉన్న అబ్బాయి' అనండి.

ఇక 'మెంటల్'. వెర్రి, పిచ్చి మనకు ఎప్పటినుంచో ఉన్నాయి. 'పిచ్చితల్లీ' అని ముద్దు కూడా చేస్తాం. 'మెంటల్' అలా కాదు, ఆసుపత్రి బోర్డు మీంచి దిగిన మాట. అమెరికాలో 'రిటార్డ్' కూడా అంతే. వైద్యుల మాట బడిపిల్లల తిట్టయింది. దాన్ని మానమంటూ 2009లో అక్కడి కాలేజీ కుర్రాళ్లే ప్రచారం మొదలుపెట్టారు. మరుసటి ఏడు 'రోసాస్ లా' అనే చట్టం వచ్చి పలు ఫెడరల్ చట్టాల్లో 'మెంటల్ రిటార్డేషన్' పోయి 'ఇంటలెక్చువల్ డిసెబిలిటీ' చేరింది. మీ అమ్మాయి ఆ గాలిలో పెరిగింది, అందుకే అంత చురుక్కుమంది. అలాగని పేరు మార్చగానే వెక్కిరింత ఆగదు. బ్రిటన్‌లో సెరెబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాలు అదుపు తప్పే స్థితి) ఉన్నవాళ్ల కోసం పనిచేసే స్పాస్టిక్స్ సొసైటీ, 'స్పాస్టిక్' అన్నది తిట్టయిపోవడంతో 1994లో 'స్కోప్'గా పేరు మార్చుకుంటే, పిల్లలు 'స్కోపర్' అని ఏడిపించడం మొదలెట్టారట!

నన్నడిగితే 'మెంటల్' మానేయమనే అంటాను. స్నేహితుణ్ణి ఆటపట్టించడానికి తిక్క, తింగరి లాంటి మాటలు బోలెడున్నాయి, వాటికి ఆసుపత్రి వాసన లేదు.

మీ ప్రశ్నల్లో అసలు పేరే పెట్టకుండా ఇలా అడిగి చూడండి: "చదువు, లెక్కలు తన ఈడువాళ్లంత త్వరగా పట్టుబడని, రోజువారీ పనుల్లో కొంత సాయం కావలసిన అబ్బాయి మీ క్లాసులో చేరితే, మీ పక్కన కూర్చోబెట్టుకుంటారా?" ఇంగ్లిషు ప్రశ్నను కూడా ఇలాగే మార్చమనండి.