టర్కిష్ వ్యాకరణం తెలుగువాళ్ళకు అంత కష్టమా?

ఇంగ్లీష్ పుస్తకం పెట్టుకుని టర్కిష్ మొదలుపెట్టాననీ, క్రియల దగ్గరికి వచ్చేసరికి బుర్ర తిరిగిపోతోందనీ రాశారు. నాదీ అదే అనుభవం. ముందు ఆ ఇంగ్లీష్ అర్థాలు కొట్టేసి పక్కన తెలుగు రాసుకోండి.

నేను పీజీకి అంకారా వెళ్ళినప్పుడు మొదటి ఏడాదంతా భాష క్లాసులే. చదవడం తొందరగానే వచ్చేసింది. 1928లో అరబిక్ లిపి వదిలేసి 29 అక్షరాల లాటిన్ లిపికి మారారు, దాదాపు రాసినట్టే పలుకుతారు. అసలు గొడవ 'గెల్ది', 'గెల్మిష్' దగ్గర మొదలైంది. రెండూ వచ్చాడు అనే. మొదటిది మనం చూసి చెప్పేది, రెండోది ఎవరో చెబితే విని చెప్పేది. దీన్ని అర్థమయ్యేలా చెప్పడానికి మా టీచరమ్మకు రెండు రోజులు పట్టింది. నేను మార్జిన్‌లో 'వచ్చాడు', 'వచ్చాడట' అని రాసుకుని హాయిగా కూర్చున్నాను.

ఆ హాయి ఎంతోకాలం నిలవలేదు. ఒకరోజు నిమ్మకాయ పులిహోర చేసి పక్కింటావిడకు ఇస్తే, నా ముందే తిని 'చోక్ గ్యుజెల్ ఓల్ముష్' అంది. 'చాలా బాగా కుదిరిందట'! తిన్నది తనే కదా, మధ్యలో 'అట' ఏమిటి? తర్వాత తెలిసింది, అప్పుడే కనిపెట్టిన సంగతికీ గెల్మిష్‌లోని ఆ మిష్షే వాడతారని, ఇక్కడ అది ముష్ అయిందని. పొద్దున లేచి తడిసిన రోడ్డు చూసి 'వాన పడినట్టుంది' అంటామే, అక్కడా అదే. అంటే మిష్ అంటే మన 'అట', 'నట్టుంది', 'అరె, భలే ఉందే' మూడూ కలిపి.

మిగతావి చాలావరకు మన ఇంట్లోవే. వార్, యోక్, దెయిల్ అంటే ఉంది, లేదు, కాదు. లేదుకీ కాదుకీ తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 'నేను డాక్టర్ని, నువ్వు డాక్టర్‌వి' అన్నట్టే వాళ్ళూ నామవాచకానికే తోక తగిలిస్తారు: డోక్‌తోరుమ్, డోక్‌తోర్సున్. 'నేను చదివిన పుస్తకం' అదే వరసలో 'ఒకుదూమ్ కితాప్'. నాకు అన్నిటికంటే నచ్చింది 'దియే'. అనడం అనే క్రియలోంచే పుట్టింది, అచ్చం మన 'అని'. 'గెలెజెక్ దియే బెక్లెదిమ్' అంటే వస్తాడని ఎదురుచూశాను. ఇక మనం పుస్తకం గిస్తకం అంటే వాళ్ళు కితాప్ మితాప్ అంటారు. మన గి-కి వాళ్ళ మకారం, అంతే.

అచ్చుల పొందికకు మాత్రం చెవి అలవాటు పడాలి. ఎవ్ అంటే ఇల్లు, దానికి బహువచనం ఎవ్‌లెర్. ఓదా అంటే గది, దానికి ఓదాలార్. చివరి అచ్చును బట్టి ప్రత్యయం రంగు మారుతుంది. హరికి, గురువుకు అంటూ కి, కు మార్చే మనకు ఆలోచన కొత్త కాదు గానీ, వాళ్ళు దాన్ని దాదాపు ప్రతి ప్రత్యయానికీ పట్టిస్తారు. పట్టికలు బట్టీ పట్టి నేను బాగుపడలేదు. కొత్త మాట నేర్చిన ప్రతిసారీ బహువచనంతో కలిపి పైకి పలకడం మొదలుపెట్టాక నోరు తిరిగింది.

తెలుగును నమ్ముకుని దెబ్బతిన్న చోట్లూ ఉన్నాయి. 'నాకు పుస్తకం ఉంది' అనుకుని 'బానా కితాప్ వార్' అన్నాను. వాళ్ళకది నా కోసం ఎక్కడో పుస్తకం ఉందన్నట్టు వినబడుతుంది. వాళ్ళు 'నా పుస్తకం ఉంది' అంటారు, 'కితాబుమ్ వార్'. అంకె పక్కన బహువచనం కూడా రాదు. బేకరీలో రెండు రొట్టెలు అనుకుంటూ దర్జాగా 'ఇకి ఎక్మెక్‌లెర్' అన్నాను. కొట్టాయన రొట్టెలు కాగితంలో చుడుతూనే 'ఇకి ఎక్మెక్' అని దిద్దాడు. మర్నాటి నుంచి నేను గుమ్మంలో అడుగుపెట్టగానే ఆయనే ముందుగా 'ఇకి ఎక్మెక్?' అని నవ్వేవాడు.