కాలిన చేతికి గోరువెచ్చని నీళ్లు కూడా ఎందుకు మండుతాయి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. పోయిన వారం పోపు వేస్తుండగా నూనె చిట్లి ఎడమ మణికట్టు మీద పడింది. మరునాడు స్నానానికి తోడుకున్న నీళ్లు కుడిచేతికి గోరువెచ్చగానే ఉన్నాయి. ఎడమచెయ్యి ముంచగానే మాత్రం మరిగే నీళ్లలో పెట్టినట్టు మండింది. గాజు తగిలినా ఓర్చుకోలేకపోయాను. చిన్న బొబ్బకు ఇంత గోలా అని ఇంట్లో అంటున్నారు. నేను అతిగా ఊహించుకుంటున్నానా?

జవాబు: లేదమ్మా. మీ రెండు చేతులూ నిజమే చెప్పాయి. చర్మంలోని నొప్పి నాడుల కొసల్లో వేడిని పసిగట్టే టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది. అది తలుపులా తెరుచుకుంటే నాడి నొప్పి సంకేతం పంపుతుంది. మామూలుగా అది సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటితేగాని తెరుచుకోదు. మిరపకాయలోని క్యాప్సైసిన్ తెరిచేది కూడా దీన్నే, కారం తిని ‘మంట’ అంటున్నది అందుకే. ఈ ప్రోటీన్‌ను గుర్తించిన అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ 2021లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

చర్మం కాలగానే దెబ్బతిన్న కణాలు, అక్కడికి చేరిన రోగనిరోధక కణాలు ప్రోస్టాగ్లాండిన్లు, బ్రాడీకైనిన్, నాడుల పెరుగుదలకు తోడ్పడే ఎన్‌జీఎఫ్ వంటి పదార్థాలను వదులుతాయి. ఇవి నాడి కొసలను తాకినప్పుడు టీఆర్‌పీవీ1 తెరుచుకునే హద్దు దాదాపు ఒంటి వేడి దాకా దిగిపోతుంది. కాబట్టి కుడిచేతికి హాయిగా ఉన్న నీళ్లే ఎడమచేతికి నిప్పులయ్యాయి. నాడి కూడా ఊరుకోదు. సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే పదార్థాలను తిరిగి చర్మంలోకే వదిలి, రక్తనాళాలను వెడల్పు చేసి, వాపును పెంచే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాలను మరింత రెచ్చగొడుతుంది. ఎరుపు, వాపు కొంతవరకు ఈ నాడుల పనే.

మరునాటి నొప్పికి ఇంకో కారణం ఉంది. మణికట్టులో పుట్టిన ఎన్‌జీఎఫ్ సందేశం నాడి వెంట మెడ దగ్గర, వెన్నుపాము పక్కన ఉన్న నాడీకణం దాకా పాకి, అక్కడ టీఆర్‌పీవీ1 తయారీని పెంచుతుంది. ఆ సరుకు మళ్లీ చర్మానికి చేరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఇక గాజు సంగతి: నొప్పి సంకేతాల వరదకు వెన్నుపాములోని కణాలే సున్నితమై, మామూలు స్పర్శను కూడా నొప్పిగా పైకి పంపుతాయి.

ఎన్‌జీఎఫ్‌ను అందుకునే ప్రోటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపంతో పుట్టిన పిల్లలకు నొప్పి తెలియదు, వాళ్లు తమకు తెలియకుండానే చేతులు కాల్చుకుంటారు. అంటే ఈ నొప్పి మనల్ని కాపాడేదే. ఈ మాట మీ ఇంట్లోవాళ్లకు తప్పక చెప్పండి.

ఇకముందు నూనె పడితే వెంటనే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టండి. మంచుగడ్డ, టూత్‌పేస్టు వద్దు. గాజులు మణికట్టు వాచకముందే తీసెయ్యండి. ఎరుపు పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యులకు చూపించండి. చర్మం మానిన తరువాత కూడా వారాల తరబడి తాకితే మండుతుంటే, అది నాడికి తగిలిన దెబ్బ కావచ్చు, దానికి వేరే మందులున్నాయి.