వార్తాఫోటోలు మనల్ని కదిలించడం తప్ప చరిత్రకు పనికొస్తాయా?

పేపర్లో ఫోటో చూసి ఆ పూట కళ్లు తడుస్తాయి, మర్నాటికి మర్చిపోతాం, అలాంటిది చరిత్రకు ఆధారం ఎలా అవుతుంది అని మీరు అడిగారు. నా దగ్గర ఒక పేపర్ కటింగ్ ఉంది. ముందు దాని సంగతి చెబుతాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, వజ్రపుకొత్తూరు మండలంలో చిన్న ఊరు. కొబ్బరి, జీడిమామిడి, పనస, వీటి మీదే బతుకు. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను హైదరాబాద్‌లో పనిలో ఉన్నాను. ముందు రోజు రాత్రి నాన్నతో మాట్లాడాను. "గాలి మొదలైంది బాబూ, ఫోను పెట్టేస్తన్నాను" అన్నాడు. అంతే, ఆ తర్వాత రెండు రోజులు ఊళ్లో ఒక్క ఫోనూ కలవలేదు. టీవీలో ఎన్ని కరెంటు స్తంభాలు పడ్డాయో, ఎన్ని ఎకరాలు పోయాయో చెబుతూనే ఉన్నారు. మా నాన్న ఉన్నాడా లేడా అన్నది నాకు చెప్పేవాళ్లు లేరు.

మూడో రోజు పొద్దున్న బస్టాపులో నిలబడి ఫోన్లో ఒక పత్రిక జిల్లా పేజీలు తిప్పుతున్నాను. ఒక ఫోటో దగ్గర చెయ్యి ఆగిపోయింది. తోట నిండా కొబ్బరిచెట్లు ఒకే వైపుకి పడి ఉన్నాయి. కొన్నింటికి మాను సగంలో విరిగి, మొవ్వు నేలకి తగిలి ఉంది. మధ్యలో నూతి గట్టు మీద ఒక మనిషి అటు తిరిగి కూర్చున్నాడు. మొహం కనబడదు. కానీ ఆ గట్టుకి పెచ్చు ఊడిన చోట మా అన్నయ్య పూసిన సిమెంటు మచ్చ ఉంది, తాంబేలు ఆకారంలో. పెద్దది చేసి చూశాను. అదే మచ్చ. ఆ భుజం మీద తుండు మడత కూడా మా నాన్నదే. బతికే ఉన్నాడు. బస్సు వచ్చి వెళ్లిపోయింది, నేను అక్కడే నిలబడి ఏడుస్తున్నాను.

పక్కనున్న పెద్దావిడ ఏమైందని అడిగితే ఫోన్ చూపించాను. ఆవిడది మా జిల్లా కాదు, కొబ్బరితోట అంటే ఏమిటో కూడా తెలియదేమో. అయినా ఆ కూర్చున్న తీరు చూసి "అయ్యో, పిల్లల్లా పెంచుకునుంటాడు" అంది. నాటు కొబ్బరి కాపుకి రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుంది. ఆ మాట ఎవరూ చెప్పకుండానే ఆవిడకి అర్థమైంది. ఫోటో శక్తి అంటే నాకు తెలిసింది అదే.

అయితే ఫోటో కింద వ్యాఖ్య చదివాను. "కూలిన తోటలో ఓ రైతు" అని రాసి, మాది కాని ఊరు పేరు వేశారు. ఆ రోజు నాకది పట్టలేదు. తర్వాత పట్టింది. నష్టం రాసుకోవడానికి అధికారులు వచ్చేసరికి మానులు చాలావరకు కోసి తీసేశారు. నాన్న ఆ కటింగ్ చూపించి "ఇదిగో, ఇలా పడ్డాయి" అన్నాడు. వచ్చినాయన కింద ఊరు పేరు చదివి, ఇది మీ ఊరు కాదు కదా అని మడిచి ఇచ్చేశాడు. ఆయన తప్పు కూడా కాదు. కాగితం మీద ఉన్నది అదే.

అప్పటి నుంచి నాకు ఫోటో కన్నా దాని కింద రాసిన మాట మీదే చూపు పడుతుంది. కెవిన్ కార్టర్ 1993లో సూడాన్‌లో తీసిన ఫోటో మీకు గుర్తుండే ఉంటుంది, ఆకలితో కుంగిపోయిన బిడ్డ, వెనక రాబందు. 1994లో దానికి పులిట్జర్ వచ్చింది, అమెరికాలో పత్రికలవాళ్లకి ఇచ్చే పెద్ద బహుమతి. ప్రపంచమంతా ఆడపిల్ల అనుకుంది, చనిపోయిందనీ చాలామంది అనుకున్నారు. 2011లో ఒక స్పెయిన్ పత్రిక వాళ్లు ఆ ఊరు వెళ్లి కుటుంబాన్ని వెతికితే మగపిల్లాడని, ఆ కరువు దాటి బతికాడని తెలిసింది. పద్దెనిమిదేళ్లు ఏడ్చింది నిజమే, తెలిసింది మాత్రం తప్పు. 1984 డిసెంబర్‌లో భోపాల్‌లో మట్టిలో పూడుస్తున్న పసిబిడ్డని రఘు రాయ్, పాబ్లో బార్తలోమ్యూ ఇద్దరూ తీశారు. గ్యాస్ దుర్ఘటన అనగానే మనకి ఆ మొహమే గుర్తొస్తుంది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో ఇప్పటికీ తెలియదు.

అలాగని ఫోటో ఒట్టి కన్నీళ్లకే అనను. 1943లో బెంగాల్ కరువుని తెల్లవాళ్ల ప్రభుత్వం తక్కువ చేసి చూపిస్తుంటే, ఆగస్టులో కలకత్తా స్టేట్స్‌మన్ పత్రిక వీధుల్లో పడి ఉన్నవాళ్ల ఫోటోలు వేసింది. ఆ తర్వాత దాన్ని దాచడం వాళ్ల వల్ల కాలేదు. ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆ ఫోటోలతో పాటే ఉంది కాబట్టి బుకాయించడానికి వీల్లేకపోయింది.

మీ ఇంట్లో ఇలాంటి కటింగులు, పాత ఫోటోలు ఉంటే పెద్దవాళ్లు ఉండగానే అడిగి వెనక పెన్సిల్‌తో రాయండి. బాల్‌పెన్ సిరా ఇవతలికి దిగుతుంది, గట్టిగా నొక్కినా గీతలు పడతాయి. పేర్లు, ఊరు, తారీఖు చాలు.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు మా కటింగ్‌ని ఒక తెల్లకాగితం మీద అతికించి ఊరు పేరు సరిచేశాను. నాన్న పేరు, తారీఖు కూడా రాశాను. నాన్న కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివి కాగితం నాకే తిరిగిచ్చాడు. "నూట ముప్పై రెండు చెట్లు. నూతి పక్క పనస మీ తాత వేసింది. అదీ రాయి" అన్నాడు.