బ్రహ్మానందం అంటే ఎంత ఆనందం?

‘బ్రహ్మానందం’ అనే మాటకు అసలు అర్థమేంటి, ఎక్కడి నుంచి వచ్చింది అని అడిగారు. నటుడి సంగతి పక్కన పెడదాం, లేకపోతే మీమ్స్ తప్ప ఇంకేం గుర్తురావు.

బ్రహ్మ + ఆనందం, సవర్ణదీర్ఘ సంధి. ఆనందంలో ఉన్నది ‘నంద్’ ధాతువు, సంతోషించడం అని అర్థం. నందనవనం కూడా దాని సంతానమే. ‘బ్రహ్మ’లోది ‘బృహ్’, అంటే పెరగడం. వేదాంతంలో బ్రహ్మానందమంటే పరబ్రహ్మను తెలుసుకున్నవాడి ఆనందం. వాడుకలోకి వచ్చేసరికి వేదాంతం జారిపోయి ‘మహా పెద్ద’ అన్నది మిగిలింది. బ్రహ్మాండం, బ్రహ్మచెవుడు చూడండి.

దీనికి ఒక కొలత కూడా ఉందని నాకు చెప్పింది మా తాత. తెలుగు సారుగా చేసి రిటైరై హన్మకొండలో ఉండేవాడు. నేను తొమ్మిదిలో ఉన్నప్పుడు, కరెంటు పోయిన ఓ రాత్రి, అరుగు మీద కూర్చోబెట్టి తైత్తిరీయోపనిషత్తులోని బ్రహ్మానందవల్లి చెప్పాడు. మంచివాడు, చదువుకున్నవాడు, బలమున్న పడుచువాడు. భూమ్మీది సంపదంతా వాడిదే అనుకో. వాడి ఆనందం ఒకటి. దానికి నూరు రెట్లు మనుష్య గంధర్వులది. దానికి నూరు రెట్లు దేవగంధర్వులది. అట్లా పితృదేవతలు, మూడు రకాల దేవతలు, ఇంద్రుడు, బృహస్పతి, ప్రజాపతి దాటి చివరికి బ్రహ్మ. మొత్తం పదిసార్లు నూరు. కందిలి వెలుగులో పేపరు అంచున పెన్సిల్‌తో లెక్క వేశాను: ఒకటి పక్కన 20 సున్నాలు. అంచు చాలక చివరి రెండూ పెళ్లి సంబంధాల ప్రకటన మీద పడ్డాయి.

అసలు మెలిక వేరే ఉంది. గంధర్వుల దగ్గర్నుంచి ప్రతి మెట్టు మీదా ఉపనిషత్తు ఒక మాట కలుపుతుంది: కోరికల దెబ్బ తగలని వేదవేత్తకూ ఆ ఆనందమే అని. ‘చూసినవా, ఇంద్రుని కుర్చీ ఎక్కుడు అక్కెర లేదు’ అన్నాడు తాత.

మా ఇంట్లో ఈ మాట వెటకారానికే ఎక్కువ పనికొస్తుంది. మోటారు కాలిపోతే, ‘ఆహా, బ్రహ్మానందంగా ఉంది’. నిజంగా సంతోషమైతే మావైపు వచ్చే మాట సంబురం. సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఆడి, ఖాళీ తాంబాళం చంకన పెట్టుకొని, మోకాళ్లు పట్టుకుంటూ ఇంటికొచ్చిన నానమ్మ, ‘మస్తు సంబురమైంది బిడ్డా’ అనేది.

‘ఎన్ని సున్నాల సంబురమే?’ అని తాత ఒకసారి అడిగాడు.

‘ముందుగాల ఇది తిను’ అని ఆయన అరచేతిలో సత్తుపిండి పెట్టింది.